కార్బురేటర్ మారుతి 800, నేటి ఆల్టో కె10: పరుగెంత, పోషణెంత?

క్లుప్తంగా: కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పాత తరహా పరికరం) ఉన్న మారుతి 800కి తరచుగా వందల్లో ఖర్చు తగులుతుంది, ఆల్టో కె10కి అరుదుగా వేలల్లో తగులుతుంది. పికప్, మైలేజీ, భద్రత, పొగ ఏది చూసినా కొత్తదే మెరుగు. అయినా ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు కూడా తిరగని ఇంట్లో కేవలం పెట్రోలు ఆదా కోసం కొత్త కారు కొంటే ఆ డబ్బు తిరిగి రాదు. ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) పాత బండికి ఇబ్బందే గానీ, సరిచేసుకోగల ఇబ్బంది.

బంకుల్లో ఇ20 పెట్రోలు మామూలైపోయింది. దానికి తోడు 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలు చేసింది. దాంతో ఇంటి ముందు కవరు కప్పి ఉన్న పాత మారుతి 800ని ఉంచాలా, తీసేయాలా అన్న చర్చ చాలా ఇళ్లలో మళ్లీ మొదలైంది. పాత బండినైతే ఏ ఊళ్లో ఆగినా ఎవరో ఒకరు బాగుచేస్తారని ఒకరంటారు. కొత్త బండికి అసలు మెకానిక్‌తో పనే ఉండదని ఇంకొకరంటారు. ఇద్దరూ మాట్లాడేది నిర్వహణ గురించే అయినా, ఒకరు రిపేరు ఎంత సులువో చూస్తున్నారు, మరొకరు రిపేరు ఎన్నాళ్లకోసారి వస్తుందో చూస్తున్నారు. చిక్కంతా అక్కడే.

## ఒకే ఇంటి రెండు తరాలు

మారుతి 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా కొన్నవారికి అందాయి. ధర రమారమి 50 వేల రూపాయలు. 1986లో కొత్త బాడీ వచ్చింది. ఇప్పటికీ రోడ్ల మీద కనిపించే 800లు దాదాపు అన్నీ ఆ ఆకారంవే. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 అనే పొగ నిబంధనలు అమల్లోకి రావడంతో అక్కడ అమ్మకాలు ఆగాయి. 2014 జనవరిలో తయారీ కూడా నిలిచిపోయింది. అప్పటికి తయారైన కార్లు సుమారు 29 లక్షలు.

ఈ పోలికకి తీసుకున్నది 90ల నాటి కార్బురేటర్ 800. పక్కన పెడుతున్నది అదే కంపెనీ 2022 ఆగస్టులో తెచ్చిన ఆల్టో కె10. రెంటిలోనూ 3 సిలిండర్ల పెట్రోలు ఇంజినే, రెండూ వాటి కాలంలో మొదటిసారి కారు కొనేవాళ్ల బండ్లే. ఒక చిన్న విశేషం: పాతది 796 సీసీ, కొత్తది 998 సీసీ. రెండూ 1000 సీసీ లోపే కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం రెంటికీ ఒకటే, పన్ను కాకుండా 2,094 రూపాయలు. 30 ఏళ్ల తేడా ఆ ఒక్క చోట కనబడదు.

## పికప్: అంకెలు ఒకటి చెబితే, కాలు ఇంకొకటి చెబుతుంది

పాత ఇంజిన్ ఇచ్చేది సుమారు 39 హార్స్‌పవర్, 59 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం). కొత్తది ఇచ్చేది 66 హార్స్‌పవర్, 89 న్యూటన్ మీటర్లు. బరువు చూస్తే 800 సుమారు 650 కిలోలు, కె10 సుమారు 740 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే ఇంకో 260 కిలోలు కలుస్తాయి. అప్పుడు టన్ను బరువుకి పాత బండిలో 43 హార్స్‌పవర్, కొత్తదాంట్లో 66 హార్స్‌పవర్ చొప్పున పడుతుంది. ఒక్కరే నడుపుతున్నప్పుడు అంతగా తెలియని తేడా, కుటుంబమంతా ఎక్కి హైవే మీద లారీని దాటాల్సి వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది.

మరి "800 పికప్పే వేరు" అనే మాట ఎందుకు వినిపిస్తుంది? దానికీ కారణాలున్నాయి. పాత ఇంజిన్ తన గరిష్ఠ టార్క్‌ని 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది, కొత్తది 3,500 దగ్గర ఇస్తుంది. 2,500 దగ్గర కూడా కొత్త ఇంజినే ఎక్కువ లాగుతుంది, కానీ పాతదానికి ఉన్న శక్తంతా రెండో గేరులో సిటీ స్పీడుల్లోనే బయటపడుతుంది. పైగా 800లో యాక్సిలరేటర్ పెడల్‌కి, కార్బురేటర్‌లో గాలిని వదిలే తలుపు లాంటి త్రాటిల్‌కి మధ్య ఉన్నది ఒక తీగ మాత్రమే. ఎంత తొక్కితే అంత తెరుచుకుంటుంది. కొత్త కారులో మధ్యలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ కూర్చుని, మైలేజీ, పొగ లెక్కలు చూసుకుని త్రాటిల్ తెరుస్తుంది. ఇక సీటు కిందుగా, తలుపులు పల్చగా, ఇంజిన్ మోత నేరుగా లోపలికి వచ్చే కారులో 40 మీద వెళ్తున్నా 60 మీద వెళ్తున్నట్టుంటుంది. ఆ హుషారులో కొంత భాగం శబ్దానిదే.

హైవే మీద ఆ హుషారు తగ్గిపోతుంది. ఎక్కువ శాతం 800లకి 4 గేర్లే. విజయవాడ హైవే మీద 80 దాటాక ఐదో గేరు కోసం చెయ్యి వెతుకుతుంది, ఇంజిన్ గోల పెడుతూనే ఉంటుంది. కె10లో ఐదో గేరు వేస్తే అదే స్పీడుకి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది.

## గాలి, పెట్రోలు కలిసే చోట

రెండు కార్ల మధ్య అసలు తేడా పవర్ అంకెల్లో కన్నా, పెట్రోలు గాలిలో కలిసే పద్ధతిలో ఉంది. మిగతా తేడాలు చాలావరకు దీని నుంచే పుట్టాయి.

కార్బురేటర్‌లో గాలి ఒక సన్నటి గొంతులోంచి పోతుంది. అక్కడ దాని వేగం పెరిగి, ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడి పక్కనే ఉన్న చిన్న గిన్నెలోంచి పెట్రోలును ఇత్తడి జెట్ గుండా పైకి లాగుతుంది. ఎంత పెట్రోలు రావాలో నిర్ణయించేది ఆ జెట్ రంధ్రం సైజు, గిన్నెలో ఫ్లోట్ నిలబెట్టే మట్టం. అంతే. బయట ఎండ ఎంతుందో, పెట్రోలులో ఏం కలిసిందో, సైలెన్సర్‌లోంచి ఏం పోతోందో దానికి తెలియదు. ఫ్యాక్టరీలో ఒక సగటు పరిస్థితికి కుదిర్చి పంపారు, తర్వాత మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో సర్దుకుంటూ రావాల్సిందే.

కె10లో ఒక్కో సిలిండర్‌కి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు రెండేసి. లోపలికి వెళ్లే గాలి, ఇంజిన్ వేడి, త్రాటిల్ తెరుచుకున్న తీరు చూసి ఈసీయూ ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కేస్తుంది. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ మిగిలిపోయిన ఆక్సిజన్‌ని కొలిచి, ఎక్కువైందో తక్కువైందో తిరిగి చెబుతుంది. ఈ దిద్దుబాటు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ సాగుతూనే ఉంటుంది. వాల్వులు తెరుచుకునే సమయం కూడా స్పీడును బట్టి మారుతుంది. అందుకే ఇంజిన్ పెద్దదైనా మైలేజీ తగ్గలేదు. కంపెనీ ప్రకటించిన టెస్ట్ మైలేజీ మాన్యువల్ గేరు కారుకి లీటరుకి 24.39 కిలోమీటర్లు. సిటీలో అంత రాదు, అది వేరే విషయం.

పొగ విషయంలో ఈ తేడా పొల్యూషన్ సర్టిఫికెట్ మీదే కనిపిస్తుంది. పొగను శుద్ధి చేసే కన్వర్టర్ లేని 90ల నాటి కారుకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి ఉంది. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి పరిమితి 0.3 శాతం. పాత కారు పరీక్షలో పాసైనంత మాత్రాన కొత్తదానితో సమానమైన పొగ వదులుతున్నట్టు కాదు. దానికి కట్టిన గీతే పది రెట్లు పైన ఉంది.

## ఎండ, చలి, ఘాట్ రోడ్డు

చలికాలం పొద్దున్నే 800ని స్టార్ట్ చెయ్యాలంటే చోక్ లాగాలి. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు వాటా పెంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక మళ్లీ లోపలికి తోయాలి. తోయడం మర్చిపోతే నల్లటి పొగ, తడిసిన ప్లగ్గులు, తగ్గిన మైలేజీ.

ఎండాకాలంలో ఇబ్బంది రివర్స్‌లో వస్తుంది. 800లో పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఇంజిన్ తిరిగితేనే అది పనిచేస్తుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం బండి నడిపి, పది నిమిషాలు ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. పంపు దగ్గరా పైపులోనూ పెట్రోలు ఆవిరై బుడగలు కట్టడమే కారణం. పంపు ద్రవాన్ని నెట్టగలదు, ఆవిరిని నెట్టలేదు. దీనికి పాత డ్రైవర్ల మందు తడిగుడ్డ: బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, కాసేపు చెట్టు నీడన నిలబడటం. కొత్త కారులో పంపు ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి ఉంటుంది. వెనక నుంచి గట్టి ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఆవిరి బుడగల గొడవ దాదాపు లేదు. దానికి బదులు ఒక కొత్త జాగ్రత్త వచ్చింది. ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే గనుక ట్యాంకు ఎప్పుడూ అడుగంటిపోయేదాకా నడపడం మంచిది కాదు.

ఏసీ భారం కూడా రెండు బండ్ల మీద ఒకేలా పడదు. కంప్రెసర్ లాక్కునే రెండు మూడు హార్స్‌పవర్ 66లోంచి పోతే పెద్దగా తెలియదు. 39లోంచి పోతే అరకు ఘాట్‌లో ఏసీ ఆపి అద్దాలు దించుకోవాల్సి వస్తుంది. కొత్త కారులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూనే కాసేపు కంప్రెసర్‌ని ఆపి, తర్వాత మళ్లీ వేస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

## ఇ20తో అసలు ఇబ్బంది ఎక్కడ

ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇందులో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, చర్చల్లో రెంటినీ కలిపేస్తున్నారు.

మొదటిది మండే లెక్క. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఇ20కి ఆ లెక్క సుమారు 13.5కి వస్తుంది. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు పడాలి. కె10లో సెన్సర్ ఆ తేడా పసిగట్టి ఇంజెక్టర్‌ని కొంచెం ఎక్కువసేపు తెరిపిస్తుంది. 800లో జెట్ రంధ్రం మారదు గనుక మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి అది పలచనవుతుంది: స్టార్టింగ్ మొండికేస్తుంది, తొక్కగానే ఒక జర్కు వస్తుంది, ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతుంది. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేసి, ఐడ్లింగ్ సర్దితే ఇది చాలావరకు పోతుంది. మైలేజీ తగ్గడం మాత్రం తప్పదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో సుమారు మూడింట రెండొంతులే. ఇ10కి (10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి) సర్దిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే ఉంది.

రెండోది సామాను సమస్య. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, గట్టిపరుస్తుంది. 800లో పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్‌లోని గాస్కెట్లు, ఫ్లోట్ నీడిల్ దీని దారిలో ఉన్నాయి. వీటన్నిటినీ ఇథనాల్ తట్టుకునే రకంతో ఒకసారి మార్పించుకోవాలి. గొట్టం చిట్లి వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే అగ్గి పుట్టే ప్రమాదం ఉంది గనుక ఇది వాయిదా వెయ్యకూడని పని. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. వాడకం తక్కువ ఉన్నవాళ్లు వారానికొకసారి ఇంజిన్ వేడెక్కేదాకా నడపడం మేలు.

కొత్త కార్లలో కూడా ఒక గీత ఉంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన వాటిలో భాగాలు ఇ20ని తట్టుకునేలా ఉండాలన్నది నిబంధన. 2022 చివర్లో తయారైన కె10 కొన్నవాళ్లు మాన్యువల్ ఒకసారి చూసుకోవాలి.

## షెడ్డులో ఏం జరుగుతుంది

800 మిస్సింగ్ ఇస్తోందని తీసుకెళ్తే మెకానిక్ ముందు చెవి పెట్టి వింటాడు. ప్లగ్గులు విప్పి రంగు చూస్తాడు: ఇటుక రంగుంటే సరే, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. ప్లగ్గులకి కరెంటు అందే సమయాన్ని పాయింట్లు కుదిర్చే పాత మోడల్ అయితే వాటి మొహాలు ఉప్పుకాగితంతో రుద్ది గ్యాప్ చూస్తాడు. కార్బురేటర్ విప్పి, గిన్నె అడుగున చేరిన మట్టిని పెట్రోలుతో కడిగి, జెట్లలోకి గాలి కొట్టి, మళ్లీ బిగించి, ఇంజిన్ నడుస్తుండగా స్క్రూను పావు చుట్టు ఇటూ అటూ తిప్పి శబ్దం సాపయ్యే చోట వదిలేస్తాడు. టాపెట్ల గ్యాప్ కూడా స్క్రూ తిప్పి సర్దేదే. ఇందులో సామాను ఖర్చు తక్కువ, చేతి పని ఎక్కువ. కాకపోతే ఇదంతా ఏడాదిలో ఒకటి రెండు సార్లయినా అవసరమవుతుంది. ఇంజిన్ ఆయిలు అయిదు వేల కిలోమీటర్లకోసారి మార్చడం అప్పటి అలవాటు. వాల్వులను తిప్పే టైమింగ్ బెల్టు రబ్బరుది, నిర్ణీత దూరానికి మార్చి తీరాలి.

కె10లో బెల్టు బదులు ఇనుప చైను. పాయింట్లు లేవు, ప్రతి ప్లగ్గుకీ సొంత కాయిల్. ఆయిలు మార్పు 10 వేల కిలోమీటర్లకి లేదా ఏడాదికి. లోపం వస్తే మీటర్లో పసుపు లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే కోడు చెబుతుంది. ఉదాహరణకి పీ0171 అని వస్తే మిశ్రమం పలచగా ఉందని అర్థం. కానీ ఎందుకు పలచబడిందో కోడు చెప్పదు. గొట్టం లీకా, ఇంజెక్టర్ మూసుకుందా, పంపు ఒత్తిడి తగ్గిందా, సెన్సరే చెడిందా అన్నది మనిషే తేల్చాలి. తేల్చే ఓపిక లేని చోట వరసగా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు, బిల్లు వేలల్లోకి వెళ్తుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) యూనిట్, ఈసీయూ లాంటివి చెడితే విప్పి బాగుచేసేవాళ్లు తక్కువ, మొత్తం మార్చేదే ఎక్కువ. అరుదుగా జరుగుతుంది, జరిగినప్పుడు గట్టిగా తగులుతుంది. అందుకే కొత్త కారుకి వారంటీ పొడిగింపు మీద పెట్టే డబ్బుకి అర్థముంది.

పాత అలవాటుతో కొత్త బండికి జరిగే ఒక నష్టం గురించి చెప్పాలి. కె10 ఇంజిన్‌కి కంపెనీ చెప్పేది నీళ్లలా పలచగా ఉండే 0డబ్ల్యూ-16 ఆయిలు. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం నడిచేదే ఆయిలు ఒత్తిడితో, సన్నటి దారుల గుండా. "చిక్కటి ఆయిలైతే ఇంజిన్‌కి బలం" అని 800కి పోసే 20డబ్ల్యూ-40 ఇందులో పోస్తే ముందు మైలేజీ పడిపోతుంది, తర్వాత చైను, వాల్వు టైమింగ్ ఇబ్బంది పెడతాయి.

## జేబు లెక్క

లీటరు 108 రూపాయలనుకుందాం. సిటీలో పాత బండి లీటరుకి 14 కిలోమీటర్లు, కొత్తది 19 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకి పాతదానికి 7.70 రూపాయలు, కొత్తదానికి 5.70 రూపాయల లోపు. తేడా సుమారు 2 రూపాయలు. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే 20 వేల రూపాయల ఆదా, 3 వేలే తిరిగితే 6 వేలు.

అటుపక్క, 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగాక కె10 ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధర 3.70 లక్షల దగ్గరికి వచ్చింది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిస్తే 4 లక్షలు దాటుతుంది. ఆ 4 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఏడాదికి 28 వేలు వస్తుంది. అంటే ఏడాదికి 14 వేల కిలోమీటర్లు తిరిగితే గానీ పెట్రోలు ఆదా ఆ వడ్డీతో సమానం కాదు. కారు విలువ తరుగుదల ఇంకా లెక్కలోకే రాలేదు. పాత బండి రిపేర్లు, షెడ్డులో పోయే రోజులు, ఆఫీసుకి టైముకి చేరతామా లేదా అన్న టెన్షన్ అవతలి పళ్లెంలో వెయ్యాలి. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగేవారికి ఆ పళ్లెం బరువుగా తూగుతుంది, ఆదివారం మార్కెట్‌కి తీసేవారికి తూగదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ లెక్క మొత్తం మారుతుంది. విశాఖ, కాకినాడ గాలికి 800 ఫ్లోరును, తలుపుల కింది అంచులను తుప్పు తినేస్తుంది. ఇంజిన్ పని వేలల్లో తేలుతుంది గానీ, తుప్పు పట్టిన బాడీకి ప్యాచులు వేయించడానికి అంతుండదు. పాత కారు ఉంచాలా వద్దా అన్నది నిర్ణయించేముందు బానెట్ ఎత్తడం కన్నా కార్పెట్ ఎత్తి చూడటం ముఖ్యం.

## గుద్దుకుంటే

ఇక్కడ పోలిక పెద్దగా అక్కర్లేదు. 800లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. కె10లో ఏబీఎస్ మొదటి నుంచీ ఉంది, 2025 నుంచి 6 ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో వచ్చాయి. అలాగని కొత్తది గొప్ప రక్షణ ఇస్తుందనీ కాదు: 2023లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో, రెండే ఎయిర్‌బ్యాగులున్న అప్పటి కె10కి పెద్దల రక్షణలో ఐదింటికి 2 స్టార్లు, పిల్లల రక్షణలో సున్నా వచ్చాయి.

భద్రత ఖర్చు మీద కూడా ప్రభావం చూపుతుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే వాటితోపాటు వాటి కంట్రోల్ యూనిట్, డాష్‌బోర్డు వంటివి మార్చాలి. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) కింద తీసుకుంటుంది. తక్కువ ధర కారుకి ఆ గీత తొందరగా దాటిపోతుంది.

## కాగితాలు, మెకానిక్కులు

ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షల వార్తలు చదివి ఇక్కడా అంతేననుకునేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అలాంటి నిషేధం లేదు. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌కి ముందు కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. అప్పుడు 5 వేలయింది, ఇప్పుడు 20 ఏళ్లు దాటినవాటికి 10 వేలు. ఐదేళ్లకి పంచితే ఏడాదికి 2 వేలు పడుతుంది. పోయేది భరించలేనంత మొత్తం కాదు గానీ, అమ్మితే ముప్పై నలభై వేలు కూడా రాని బండికి అంత ఫీజు కట్టడానికి చాలామందికి మనసొప్పదు.

విడిభాగాల కొరత అప్పుడే రాదు. ఇదే 796 సీసీ ఇంజిన్ కుటుంబం ఓమ్ని వ్యానులో 2019 దాకా నడిచింది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే క్లచ్ ప్లేట్ల నుంచి గాస్కెట్ సెట్ల దాకా దొరుకుతాయి. కొరత వచ్చేది కార్బురేటర్ తెలిసిన మనిషికి. ఇన్నాళ్లూ కుర్ర మెకానిక్కులు కార్బురేటర్ పని బైకుల మీద నేర్చుకునేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక బైకులు, స్కూటర్లు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. ఆ తర్వాత పనిలో చేరినవాళ్లకి స్కానర్ వచ్చు, జెట్ సర్దడం రాదు. 800ని ఇంకో ఐదేళ్లు ఉంచుకోవాలనుకునేవారు రెన్యువల్ ఫీజు కట్టేముందు, ఊళ్లో ఆ పని చేసే షెడ్డు ఒకటైనా మిగిలి ఉందో లేదో కనుక్కోవాలి.